వెస్టిండియన్ అని రాసి ఉన్న ఫారం

నా ఉద్యోగ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక అక్టోబరు మొదటి సోమవారం, మా ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబ్‌లో నన్ను గర్భిణుల స్క్రీనింగ్ బెంచికి మార్చారు. ఆసుపత్రి డబ్లిన్‌కి ఉత్తరాన ఉంది, పేరు అనవసరం. నా హోదా సీనియర్ మెడికల్ సైంటిస్ట్. మామూలు సైంటిస్టు పరీక్ష చేస్తాడు, సీనియర్ ఆ ఫలితం చూసి వ్యాఖ్య రాసి ‘ఆథరైజ్’ చేస్తుంది, అంటే రిపోర్టును బయటికి వదులుతుంది. మా అందరి పైన చీఫ్ నోరీన్. కావన్ జిల్లా వైపు పాడిరైతుల ఇంటి మనిషి. మాట నెమ్మది, కళ్ళజోడు ముక్కు చివర.

ఆ బెంచి పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒక్కో ఎర్ర రక్తకణంలో ఎంత హిమోగ్లోబిన్ ఉందో యంత్రం అంకెలో చెబుతుంది. దాన్ని ఎం.సి.హెచ్. అంటాం. ఇరవై ఏడు కంటే తగ్గితే మేం ఆగి చూడాలి. ఐరన్ లోపం కావచ్చు. అది కాకపోతే తలసీమియా అనే వంశపారంపర్య లక్షణం కావచ్చు. ఆ లక్షణం మోస్తున్న మనిషి హాయిగా తిని తిరుగుతూనే ఉంటుంది, తనకేమీ తెలియదు. అందులో ఆల్ఫా అనే రకానికి మళ్ళీ రెండు రూపాలు. ఆఫ్రికా మూలాల వాళ్ళలో ఎక్కువగా కనిపించేది సాధు రూపం, దానితో పెద్దగా భయం లేదు. చైనా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్ వైపు కనిపించేది చెడ్డ రూపం. తల్లీ తండ్రీ ఇద్దరూ దాన్నే మోస్తున్నట్టయితే, నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డ బతకదు. తల్లి ప్రాణానికీ ముప్పే.

చిక్కేమిటంటే, ఈ రెండు రూపాలనూ మా యంత్రం విడదీసి చెప్పలేదు. జన్యు పరీక్ష కోసం ఇంగ్లండు పంపాలి. అందరిదీ పంపలేం కాబట్టి ఫారంలో ‘కుటుంబ మూలం’ అని ఒక గడి ఉండేది, కానుపులు చూసే మిడ్‌వైఫ్ తల్లిని అడిగి నింపేది. ఆ గడి చూసే మేం నిర్ణయం తీసుకునేవాళ్ళం. ల్యాబ్‌లో పేషంటు ముఖం మాకు కనిపించదు. మా ముందుకు వచ్చేది ఒక ట్యూబు, ఒక కాగితం, అంతే.

ఇక నా గురించి. మాది తెనాలి. కొత్త మనిషి కనబడితే పేరు అడిగిన అర నిమిషంలో ఊరు, ఇంటిపేరు, ఎవరి తాలూకు, పిల్లలెంతమంది, అద్దె ఎంత కడుతున్నారు అనేంతవరకు వెళ్ళిపోయే వంశం. ఐర్లండులో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే శాంపిళ్ళు మోసుకొచ్చే పోర్టర్‌ని, ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగాను. జీతం కూడా అడిగాననుకుంటాను. మర్నాడు నోరీన్ నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు మూసి, టీ పోసి, “వాసూ, నువ్వు అడిగినవేవీ చెడ్డవి కావు, కానీ ఇక్కడ మనం అవి అడగం” అంది. ఎంత మెత్తగా చెప్పిందంటే, ఇంటికొచ్చాక గానీ నాకు చీవాట్లు పడ్డాయని అర్థం కాలేదు.

అప్పటినుంచి నోటికి తాళం వేసుకున్నాను. మేముండే ఆడమ్స్‌టౌన్‌లో మా ఇళ్ళ వరసలోకి ఎవరైనా కొత్తగా వస్తే “గ్రాండ్, గ్రాండ్”, అంటే అంతా బాగుందని, వానగురించి మాట్లాడి వచ్చేసేదాన్ని. మా అమ్మాయి ఎంతో సంతోషించింది. అంతకుముందు బస్టాపులో నేను నోరు తెరిస్తే చాలు, “ఓ, మామ్, స్టాప్” అని నా వెనక్కి వెళ్ళి దాక్కునేది. మావారు మాత్రం, “నువ్వు ఎవర్నీ ఏమీ అడక్కుండా ఉన్నావంటే ఒంట్లో బాగోలేదేమోనని నాకు భయమేస్తోందే” అనేవారు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నాకు క్రికెట్ పిచ్చి. చిన్నప్పుడు నాన్న ట్రాన్సిస్టర్ పక్కన కూర్చుని వెస్టిండీస్ జట్టు ఆడిన ప్రతి బంతీ విన్నాను. పేపర్లో వాళ్ళ బొమ్మలు వస్తే కత్తిరించి, లెక్కల నోటుబుక్కులో అన్నంమెతుకులతో అంటించాను. మావాళ్ళ మీద వాళ్ళు గెలిస్తే ఏడ్చి, మళ్ళీ ఆ గెలిచినవాళ్ళ బొమ్మలే అంటించేదాన్ని. అందుచేత ఐర్లండు మొత్తం మీద వెస్టిండియన్ల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరని నా గట్టి నమ్మకం.

కొత్త బెంచిలో మూడో వారం, ఒక గురువారం ఉదయం మార్షా రిపోర్టు నా స్క్రీన్ మీదికి వచ్చింది. అది ఆమె అసలు పేరు కాదు. ముప్పై మూడేళ్ళు, పదకొండో వారం గర్భం, మొదటి కానుపు. ఎం.సి.హెచ్. ఇరవై రెండు. ఐరన్ నిల్వలు బాగున్నాయి, మిగతా రకాల తలసీమియా లేదు. అంటే ఆల్ఫాయే. సాధుదా, చెడ్డదా? కుటుంబ మూలం గడి చూశాను. ‘వెస్టిండియన్’ అని ఉంది. ఇంటిపేరు మామూలు ఇంగ్లీషు ఇంటిపేరు.

నా కళ్ళ ముందు ఆ లెక్కల నోటుబుక్కు పేజీలు తిరిగాయి. ఆరడుగుల నల్లటి ఫాస్ట్ బౌలర్లు బౌండరీ దగ్గరనుంచి పరుగెత్తుకొస్తున్నారు. ఆఫ్రికా మూలం, ఇంకేముంది? ‘ఆల్ఫా తలసీమియా, సాధు రూపం కావచ్చు. కుటుంబ మూలం దృష్ట్యా తదుపరి పరీక్ష అవసరం లేదు’ అని రాసి ఆథరైజ్ నొక్కాను. మొత్తం నలభై సెకన్లు పట్టిందేమో.

పదకొండింటికి టీ. టీ గదిలో నేను మంచి హుషారుగా ఉన్నాను. ఎవరో మాటల్లో వెస్టిండియన్ అంటే ఏ దేశమని అడిగారు. అడక్కూడనిది నన్నడిగారు పాపం. అది దేశం కాదనీ, ఆ పేరుతో పాస్‌పోర్టు ఉండదనీ మొదలుపెట్టాను. ఇండియాను వెతుక్కుంటూ పడమటికి పోయిన నావికులు చేసిన పొరపాటు వల్ల ఆ దీవులకు ఆ పేరు పడిందన్నాను. ఒకప్పుడు బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న దీవుల జనాన్నే ఎక్కువగా అలా అంటారనీ, గయానా దీవి కాకపోయినా, దక్షిణ అమెరికా ఖండానికి అంటుకుని ఉన్నా, దాన్నీ ఆ లెక్కలోనే వేస్తారనీ చెప్పాను. ఇప్పటి కుర్రకారు కరీబియన్ అనో, ముందు తమ దీవి పేరో చెప్పుకుంటారనీ, పాత మాట పెద్దవాళ్ళ నోట్లోనూ క్రికెట్లోనూ నిలిచిందనీ ముగించాను. ఇప్పుడే ఒకామెది వదిలాను చూడండి అని మార్షా కేసు ఉదాహరణగా కూడా చెప్పాను, పేరు చెప్పకుండా.

నోరీన్ బిస్కెట్ టీలో ముంచుతూ అంతా విని, “అది సరే, ఆమె ఎవరి తాలూకు?” అంది.

తెలుగులో అనలేదు లెండి. వాళ్ళ ఇంగ్లీషులో ‘హూ ఆర్ హర్ పీపుల్’ అంది. కావన్ వాళ్ళు కొత్త మనిషిని అడిగే మొట్టమొదటి ప్రశ్న అదేనట. మా తెనాలి ప్రశ్నే! ఇన్నేళ్ళు నా నోరు మూయించిన మనిషి దగ్గర అచ్చంగా అదే ప్రశ్న ఉంది.

వెస్టిండియన్ అని చెబుతున్నాను కదా అన్నాను. “అది ఆమె వచ్చిన చోటు వాసూ. నేను అడిగింది ఆమె తాతముత్తాతల గురించి” అంది. ఆఫ్రికా వాళ్ళే అయ్యుంటారన్నాను. “అయ్యుంటారా, అవునా?” అని కప్పు కడుక్కుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. పాడిరైతు కూతురు నాకు వెస్టిండీస్ గురించి చెబుతుందా అనుకున్నాను. నేనే రైటని చూపిద్దామని మా బెంచి పని విధానం రాసి ఉన్న పుస్తకం తీశాను. అందులో స్పష్టంగా ఉంది: ‘కుటుంబ మూలం అంటే పుట్టిన దేశం కాదు. గడిలో ఉన్న మాట బహుళ మూలాల ప్రాంతానిదైతే, తాతలు అవ్వలు నలుగురి వరకు అడిగి తెలుసుకోవాలి. ఆ తరవాతే ఆథరైజ్ చేయాలి.’ ఈ నీతి ఎవరు రాశారబ్బా అని పేజీ అడుగున చూశాను. సవరించినవారు: నేనే, బెంచికి వచ్చిన మొదటి వారంలో. సంతకం కూడా బ్రహ్మాండంగా ఉంది.

ఆ నోటుబుక్కులోనే భారతీయ పేర్లున్న స్పిన్నర్లు కూడా ఉండేవాళ్ళు కదా! అంటే నాకు తెలిసిన కాస్తలోనే ఒకటికి రెండు రకాలు. నాకు తెలియనివాళ్ళు ఎందరో? బిడ్డను సూదితో పరీక్షించాల్సి వస్తే అనువైన సమయం అప్పటినుంచి రెండు మూడు వారాలే. నా రిపోర్టు చూసి మిడ్‌వైఫ్ ఫైలు మూసేస్తే, మళ్ళీ ఎవరూ తెరవరు.

గర్భిణుల క్లినిక్‌కి ఫోన్ చేశాను. మిడ్‌వైఫ్ తాపీగా, మార్షా స్కానింగ్‌కి వచ్చి బయటే కూర్చుని ఉంది, నువ్వే వచ్చి అడుక్కో అంది. పాతికేళ్ళ సర్వీసులో నేను పేషంటుతో మాట్లాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని మెట్లు దిగాను.

మార్షా సిటీ బస్సు డ్రైవరు. యూనిఫాం మీదే వచ్చింది. చామనఛాయ, ఒత్తుగా ఉంగరాల జుట్టు, గట్టి నవ్వు. నన్ను నేను పరిచయం చేసుకుని, మీ అవ్వలు, తాతలు ఏ మూలాలవాళ్ళో చెప్పాలన్నాను. “టికెట్ చూపించమన్నట్టు అడుగుతున్నారే! ఇన్‌స్పెక్టరా మీరు?” అంది. అయినా చెప్పింది. ఆమెది గయానా. నాన్న వాళ్ళ నాన్న ఆఫ్రికా సంతతి, ఆ ఇంటిపేరే ఈమెది. నాన్న వాళ్ళ అమ్మ పోర్చుగీసు సంతతి. అమ్మ వాళ్ళ అమ్మ భారతీయ సంతతి. “చెరకు కోతకి ఓడలో తీసుకొచ్చారట ఆమె పెద్దల్ని. మద్రాసు నుంచి.”

మద్రాసు!

అంతే. పాతికేళ్ళుగా వేసుకున్న తాళం ఊడి కింద పడింది. మద్రాసులో ఎక్కడ? ఏ జిల్లా? మద్రాసు రేవులో ఎక్కినంత మాత్రాన అరవవాళ్ళే కానక్కర్లేదు, మావాళ్ళు కూడా ఎందరో అక్కడే ఓడ ఎక్కారు. మీ అమ్మమ్మ ఇంటిపేరేమిటి? ఇంట్లో ఏం వండేది? పచ్చళ్ళు పెట్టేదా? పండగలు ఏవి చేసేవారు? మార్షా మొదట తెల్లబోయి, తరవాత పడీపడీ నవ్వింది. అమ్మమ్మని గయానాలో ఈస్టిండియన్ అంటారట. వెస్టిండీస్‌లో పుట్టిన ఈస్టిండియన్! మామిడికాయ కారంగా ఊరబెట్టేదట, జిల్లా మాత్రం తెలియదట. జిల్లా తెలియకపోతే ఎలాగండీ అని నేను నిజంగానే బాధపడ్డాను. మా పిన్నత్తగారి వైపు ఎవరో ఓడెక్కి పోయారన్న మాట కూడా ఎత్తాను. పది నిమిషాలు గడిచాయి. పెన్ను నా జేబులోనే ఉంది.

లోపలినుంచి స్కానింగ్‌కి పేరు పిలిచారు. మార్షా లేచి నా భుజం తట్టి, “చుట్టరికం తేలితే చెప్పండి ఆంటీ” అని తలుపు దాకా వెళ్ళింది. అప్పుడు లెక్కపెట్టాను. ముగ్గురే. ఆగమని ఆసుపత్రి వరండా అంతా దద్దరిల్లేట్టు అరిచాను. మీ అమ్మ వాళ్ళ నాన్న?

“తాతా? చైనీస్. జార్జ్‌టౌన్‌లో దుకాణం ఉండేది” అంది తలుపు మీద చెయ్యేసి.

నా ముఖంలో ఏం కనబడిందో, ఆమె నవ్వు ఆగిపోయింది. బిడ్డకేమైనా అవుతుందా అని అడిగింది. ఏదీ తేలకముందు అవునని గానీ కాదని గానీ అనే అధికారం నాకు లేదు. మీ భర్త ఎక్కడివారు అని మాత్రం అడిగాను. ఫిలిప్పీన్స్, ఇక్కడే వృద్ధుల నర్సింగ్ హోంలో నర్సు అంది. చెడ్డ రూపం ఉండే దేశాల్లో రెండు ఒక్క కడుపు దగ్గర కలిశాయి, నేనేమో పరీక్ష అవసరం లేదని రాసి కూర్చున్నాను.

మిడ్‌వైఫ్‌ని పిలిచి ఇద్దరం కూర్చుని మార్షాకి ఉన్నదున్నట్టు చెప్పాం. రిపోర్టు తప్పు, ఆ తప్పు నాది అని కూడా చెప్పాను. ఫారంలో ఒక్క మాటే ఎందుకు రాయించారని అడగాలనిపించింది. అడిగాను కూడా, నెపం కాస్త అటు నెట్టాలన్న ఆశ ఎక్కడో ఉండి ఉంటుంది. ఆమె కోపం తెచ్చుకోలేదు. “ఆఫ్రికన్ అంటే ముగ్గురు పోతారు. ఇండియన్ అన్నా ముగ్గురు పోతారు. నలుగురూ పట్టే మాట నాకు అదొక్కటే ఉంది” అంది.

భర్త ఆ మధ్యాహ్నమే డ్యూటీ మధ్యలో వచ్చి రక్తం ఇచ్చాడు. సన్నటి మనిషి, ఒక్క ప్రశ్న వేయకుండా చొక్కా చేయి మడిచాడు. నర్సు కదా, అతనికి సగం అప్పటికే తెలిసిపోయింది. అతని ఎం.సి.హెచ్. ఇరవై ఏడు గీతకు కాస్త కింద వచ్చింది. పైన వచ్చి ఉంటే అక్కడితో అయిపోయేది. ఇద్దరి శాంపిళ్ళూ అర్జెంటు గుర్తుతో ఇంగ్లండు పంపాం. ఆరు రోజులు పడుతుందన్నారు.

మధ్యలో నేను చేయవలసిన కాగితాల పని ఉంది. మా దగ్గర తప్పు రిపోర్టును చెరిపేయడానికి వీలుండదు. సవరించిన రిపోర్టు పైన వస్తుంది, పాతది కింద నా పేరుతో, గంటా నిమిషంతో అలాగే ఉంటుంది. దానితోపాటు పొరపాటు నివేదిక రాయాలి, అందులో ‘మూలకారణం’ అని ఒక గడి. ‘ఫారంలో తగినంత చోటు లేకపోవడం’ అని రాసి నోరీన్‌కి ఇచ్చాను. ఆమె దాన్ని తిరిగి నా బల్లమీద పెట్టింది. పక్కన ఎర్ర సిరాతో, ‘ఫారం ఆథరైజ్ చేయదు’ అని ఉంది. కొట్టేసి, ‘ఆథరైజ్ చేసిన వ్యక్తి తనకు తెలుసునని అనుకోవడం’ అని రాశాను. ఈసారి సంతకం పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఆ ఆరు రోజులూ నేను ఇంట్లో మనిషిలా లేను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మావారు విషయం విని, “ఆ దీవుల జట్టులో పన్నెండో ఆటగాడి పేరు కూడా చెబుతావు, ఒక్క ప్రశ్న అడగలేకపోయావా?” అని ఆటపట్టించబోయి, నేను నిజంగానే ఏడవడం చూసి ప్రెస్, అదే అల్మరా, తెరిచి గ్లాసు తీసి నీళ్ళిచ్చారు. నాకు ఆ భార్యాభర్తలే కళ్ళముందు ఉండేవాళ్ళు. ఆవిడ బస్సు నడుపుతూనే ఉంది. ప్రతి స్టాపులో ఎవరో ఒకరు ‘థాంక్యూ’ అని దిగుతుంటారు, ఆవిడ తల ఊపుతూ ఉంటుంది, లోపల ఎలా ఉందో ఆవిడకే తెలియాలి.

ఏడో రోజు ఫలితం వచ్చింది. మార్షా చెడ్డ రూపాన్ని మోస్తోంది. తాతగారిదే. భర్తకు ఏ రూపమూ లేదు, అతని అంకె తగ్గింది ఐరన్ లోపం వల్ల. బిడ్డ మహా అయితే తల్లిలాగే దాన్ని మోస్తూ హాయిగా తిరుగుతుంది. మిడ్‌వైఫ్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ పూట టీ గదిలో నన్ను అందరూ పలకరించారు. ఇంటికెళితే మావారు కూడా, “చూశావా, అనవసరంగా కంగారుపడ్డావు. నీ మొదటి రిపోర్టు అలాగే ఉన్నా ఏమీ అయ్యేది కాదుగా” అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన మంచిగానే అన్నారు, అయినా నాకు చిర్రెత్తుకొచ్చింది.

తరవాత ఫారం మార్చాం. ఒక గడి తీసేసి తాతలకూ అవ్వలకూ నాలుగు పెట్టాం. ఆ పైన తనను తాను ఏమని చెప్పుకుంటుందో రాసుకునేందుకు తల్లికి ఒక ఖాళీ గీత వదిలాం, అది ఆమె ఇష్టం, దానితో ల్యాబ్‌కు పని లేదు. మిగిలిన మూడేళ్ళలో ఏ గడి ఖాళీగా కనబడినా ఫోన్ చేసి అడిగేదాన్ని. చాలాసార్లు నేను ఊహించిందే సరైందని తేలేది. అయినా అడిగేదాన్ని.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆ బిడ్డ క్షేమంగా ఉండటం తండ్రి రక్తం చేసిన మేలు. నా రిపోర్టు ఆ గురువారం ఉదయం తప్పు, ఏడో రోజు ఫలితం వచ్చాక కూడా తప్పే.